పలుపు మెడలో ఉండగా

గుంజకు కట్టిన ఆవు, పలుపు మెడకు బిగుసుకుని చచ్చిపోయింది. ధరూరు పక్క ఆ ఊళ్లో దానికి శిక్ష ఒకటే. కట్టినవాడు ఆ పలుపును తన మెడలో వేసుకుని ఊరూరా అడుక్కోవాలి. నోట మనిషి మాట రాకూడదు, ‘అంబా’ అనాలి. తెచ్చిన గింజలతో కులానికి బువ్వ పెట్టేదాకా ఆ గడప ఎవరూ తొక్కరు. మధ్యలో మాట్లాడాడా, ఇక కులంలో చోటు లేదు.

రేణుకమ్మ కొడుకు తిమ్మప్ప అట్లా ఊళ్లు పట్టుకుని పోయాక, తల్లి లేని మనవరాలు జమ్ములుకు గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలతో పిల్ల వడిలిపోయింది.

రేణుకమ్మ, శిక్ష చెప్పిన అయ్యగారి అరుగు కింద నిలబడి ఏడ్చింది. “సామీ, పోరి నాయన కోసం కలవరిస్తున్నది. ఒక్క పూట వాన్ని మాట్లాడనియ్యుండ్రి.”

“ఆవూ బ్రాహ్మణుడూ సమానమని శాస్త్రం చెప్తుంది రేణుకా. నన్నేం చెయ్యమంటవు?”

“మరి మా పోరి యాడుంటది సామీ, గా శాస్త్రంల? ఆవు కిందనా? దూడ కన్న గూడ కిందనా?”

ఆయన తల వంచుకుని లోపలికి పోయాడు.

ఊళ్లో ఎవరూ బండి కట్టలేదు. గద్వాలకు పల్లీలు తోలే కరీం ఒక్కడే ఆగాడు. “ఎక్కు అవ్వా. మీ కులంల నాకు ముందే చోటు లేదు, ఇంకేం తీస్తరు? దవాఖానకు పోదాం.”

దారిలో ఇంకో ఊరి మొదట తిమ్మప్ప కనిపించాడు. బండిని చూసి పరుగెత్తుకొచ్చాడు. కూతురి ముఖం మీదికి వంగి “అంబా” అన్నాడు.

“అవ్వా, ఆవొచ్చింది,” అంది జమ్ములు కళ్లు తెరవకుండానే. “నాయన ఏడీ?”

“పిలువురా!” రేణుకమ్మ కొడుకు భుజం పట్టి ఊపింది. “బిడ్డ పోతున్నది, పేరు పెట్టి పిలువురా!”

పక్కన రచ్చ అరుగు మీద కూర్చున్న అతని కులంవాళ్లు లేచి నిలబడ్డారు. “తిమ్మప్పా, సోయి ఉండాలె! రేపు మీ అవ్వ సస్తే మోసేటోడు గూడ రాడు!”

ఆ మాట రేణుకమ్మ చెవిన పడింది. అయినా కొడుకును వదల్లేదు.

“జమ్ములూ,” అన్నాడు తిమ్మప్ప. అన్నాళ్లు మూసుకుపోయిన గొంతు గరగరలాడింది. “నేనే బిడ్డా. నాయనను.”

పిల్ల చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని వేలు పట్టుకుంది. కరీం ఎద్దులను అదిలించాడు. బండి పక్కనే తిమ్మప్ప నడిచాడు, నోటికొచ్చిందల్లా చెబుతూ. వేలి చుట్టూ పట్టు సడలుతోంది. అతను మాట ఆపలేదు.