బయట చేరిన మూడు రోజులు

దివిసీమను ఉప్పెన ముంచి ఇరవై రెండేళ్లయిన ఏడు అది. ఏడాది మారితే కంప్యూటర్లకు తేదీలు తప్పిపోతాయని లోకం గాభరా పడి, మన కుర్రాళ్లను సింగపూరుకు రప్పించుకుంటున్న రోజులు. దిగినవాళ్లకు గది దొరికేదాకా అక్కడి యూ టీ అనే పేటలో సీతారామారావు ఫ్లాటే సత్రం. వండి వార్చేది అతని భార్య తారాదేవి.

"ఎలాగూ పొయ్యి వెలిగిస్తావుగా. ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పడేస్తే నీ సొమ్మేం పోయింది?" అనేవాడు.

తారాదేవి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది, నూటయాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు నవలారచయిత్రి మార్తా విన్‌స్లేడ్ మీద. ఆరుగురు పిల్లలు, ధాన్యం వ్యాపారం చేసే మొగుడు, ఇంటినిండా చుట్టాలు. ఇంత సంసారంలో ఆవిడ నవలలు ఎప్పుడు రాసిందా అని చాలామంది బుర్ర గోక్కున్నారు. తారాదేవికి ఆవిడ ఉత్తరాల్లో జవాబు దొరికింది. మార్తాకు తలనొప్పి వచ్చేది. తెరలు దింపించి, ఎవరినీ రావద్దని, దుప్పటి కింద పెన్సిలుతో రాసుకునేది. తలనొప్పి లేని రోజున ఆవిడ ఒక్క వాక్యం రాయలేదు.

అది చదివి తారాదేవి పైకే నవ్వింది. తనకూ అలాంటి తలనొప్పి ఒకటుంది మరి. అత్త కోటేశ్వరి సముద్రం దాటింది గాని ఆచారం దాటలేదు. కోడలు బయట చేరితే మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు. కిటికీ లేని కొట్టుగదిలో, బియ్యం బస్తాల పక్కన చాప మీద ఉండాలి. కుక్కకు తోసినట్టు కంచం గుమ్మంలోంచి తోస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కంచం ముందు కూర్చుని ఏడ్చింది. తరవాత తెలిసింది, ఆ గదిలోకి ఎవరి కేకా రాదని. మైలమనిషికి పని చెప్పేవాళ్లుండరు. కాఫీ కలపమనరు, చొక్కా ఏదనరు. నెలంతా తనను ఇల్లు వాడుకుంటుంది, ఈ మూడు రోజులూ తనను తాను వాడుకుంటుంది. అవమానంలోనే కాస్త చోటు దొరికితే, ఆ చోటు కోసం అవమానాన్ని కోరుకోవడం ఎంత నీచమో ఆమెకు తెలుసు. కోరుకుంది. చాప మీద బోర్లా పడుకుని ఒక్కో ప్రకరణమే రాసుకుంటూ వచ్చింది.

చివరి ప్రకరణం ఒక్కటే మిగిలింది. నెలాఖరుకు ఇచ్చెయ్యాలి. ఆ నెల ఆమె బయట చేరలేదు. అంతకుముందు నెలా చేరలేదు. అయినా రెండు నెలలూ చేరానని చెప్పి చాప తీసుకుంది. బిడ్డ వద్దని ఆమె అనుకోలేదు. మూడు రోజులు కావాలనుకుంది, అంతే.

మూడోనాడు మధ్యాహ్నం కంచం లోపలికి రాగానే చారు వాసనకు కడుపులో తిప్పి, స్నానాలగదికి పరుగెత్తింది. వాంతి చప్పుడు విన్న కోటేశ్వరికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"కడుపుతో ఉండి ముట్టని అబద్ధమాడతావుటే? ఆ మాట లోపలి బిడ్డ వినదూ? దేవుణ్ణీ, నన్నూ, పుట్టబోయేదాన్నీ ముగ్గుర్నీ మోసం చేశావు గదే!"

సాయంత్రం ఆవిడే కొడుకు సీతారామారావుకు చెప్పింది. అతను కోప్పడలేదు. భోజనాలకు కూర్చున్న కుర్రాళ్ల మధ్య తారాదేవిని నిలబెట్టి నవ్వాడు.

"మా ఆవిడ నవలల మీద పరిశోధన చేసి చేసి కథలల్లడం నేర్చిందిరా. అబద్ధాలకి డాక్టరేటిస్తే ఈపాటికి వచ్చేసేది."

కుర్రాళ్లు నవ్వారు. ఎవరికి ఏ సంగతి చెబుతున్నాడో చూసుకోని మొగుడి ముందు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఒకడు కంచంలో చెయ్యి పెట్టుకునే, "అక్కా, ఇంకొంచెం చారు," అన్నాడు.

వడ్డించింది.

"ఇంక నీకు ముట్టూ లేదు, సెలవూ లేదు," అన్నాడు సీతారామారావు. "చదువు చాల్లే. నీ ప్రొఫెసరమ్మకి రేప్పొద్దున్న నేనే చెప్తా. నువ్వు కంగారు పడకు."

చారుగిన్నె పట్టుకుని నిలబడ్డ తారాదేవికి మార్తా మీద మొదటిసారి కోపం వచ్చింది. ఆరుగురు పిల్లల్ని కన్నావు, అన్ని పుస్తకాలు రాశావు, నాకు పనుంది అని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పలేకపోయావా తల్లీ? నీ తలనొప్పి నీతో పోయిందా? వేల మైళ్లు, నూటయాభై ఏళ్లు దాటొచ్చి నా చాప మీద పడింది. దీన్ని నేను నా కూతురికిచ్చి పోవాలా?

గిన్నె బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కుంది.

మర్నాడు సీతారామారావు లేచేసరికి ఆమె లేదు. బజారుకెళ్లిందేమో అనుకున్నాడు. గొంతు సవరించుకుని, ఆఫీసు ఇంగ్లీషులో యూనివర్సిటీకి ఫోన్ చేశాడు. శుభవార్త చెప్పాడు. కుటుంబమంతా కలిసి తీసుకున్న నిర్ణయమన్నాడు.

"తార నా ఎదురుగానే ఉంది. తెల్లారకుండానే వచ్చి నా గది తలుపు దగ్గర కూర్చుంది. రాసుకుంటోంది," అంది ప్రొఫెసర్. "ఫోన్ ఇవ్వమంటారా?"

అతను ఫోన్ పెట్టేశాడు. వెలిగించని పొయ్యి వంక కాసేపు చూశాడు. లోపలికి వెళ్లి, ఇస్త్రీ లేని చొక్కా తెచ్చి తల్లి ఒళ్లో పడేశాడు.