పిన్ని కోపం ఎన్ని లక్స్?

పాలు పొంగిన పొద్దున ఆ వంటింట్లో లైటుతో పనుండేది కాదు. పిన్నికి చిర్రెత్తితే నుదుటి నుంచి వెలుగొస్తుంది. కరెంటు పోతే ఎవరో ఒకరు వెళ్లి ఆవిణ్ణి కదిపేవారు, అంతే.

ఎక్కువగా కదిపేది ఆవిడ అక్క కూతురే. ఒకచోట కుదురుగా ఉండదని పిన్ని దాన్ని మిడత అనేది. తనంతట తనే ఫొటోలు నేర్చుకున్న మిడత, ఐడీ కార్డు మొహాలు తీసీ తీసీ విసిగిపోయి, మ్యూజియంలో ఉద్యోగానికి వెళ్లింది. వెలిసిపోతున్న ఓ పాత బొమ్మల గుడ్డను రంగు చెడకుండా ఫొటో తీస్తే ఉద్యోగం. లేదంటే మళ్లీ ఆ మొహాలే.

"ఫ్లాష్ వద్దు, బల్బులు వద్దు. వేడి తగలకూడదు," అంది మ్యూజియం మేడమ్. "మీ పిన్ని వెలుగు సంగతి విన్నాలే, ఆవిణ్ణి తెచ్చుకో. వెలుగు యాభై దాటనివ్వకు."

వెలుగు కొలిచే తాతగారి పాత మీటరును మిడత గుడ్డ దగ్గర పెట్టి పని మొదలెట్టింది. "పిన్నీ, కాస్త పక్కకి. అబ్బే, అటు కాదు. ఇందాకటి చోటికే రా."

"నన్నేమన్నా బీరువా అనుకున్నావే, ఈడ్చడానికి!"

గది భగ్గుమంది. సూది సరిగ్గా యాభై మీద ఆగింది. మిడత మురిసిపోయేలోపే మేడమ్ పరుగున వచ్చి గుడ్డ మీద ముసుగేసేసింది.

"అయిదొందలు దాటింది! నీ మీటరు చూపేది ఫుట్‌క్యాండిల్స్. కొవ్వొత్తికి అడుగు దూరంలో పడే వెలుగు. నేను చెప్పింది లక్స్, మీటరు దూరంలో పడేది. ఒకటికి దాదాపు పదకొండు!"

"అంటే... అయిదుకి కాస్త లోపలా?"

"ఆ మాత్రం చూసుకోకుండానే వచ్చావా? ఇంకొక్కసారే."

"దీని మూలంగా నాకూ చీవాట్లు!" పిన్ని ఇంకా వెలిగింది. సూది అరవై.

మిడత తల పట్టుకుంది. బతిమాలితే డెబ్బై. నవ్విస్తే ఎనభై. చివరికి నీరసంగా అంది: "తప్పు నాదే పిన్నీ."

గది చీకటైపోయింది. ఇంట్లోవాళ్ల నోట ఆ మాట పిన్ని చెవిన పడటం అదే మొదలు.

ఇప్పుడు మరీ సున్నా! మిడత కెమెరా సర్దుకుని, ముసుగు తీయించి, మెల్లగా అడిగింది: "ఇంటికి తాళం వేశావా?"

"వేశానే."

నాలుగు.

"లాగి చూశావా?"

"చూశానే తల్లీ!"

అయిదుకి కాస్త లోపల. నొక్కింది. ఆ మసక వెలుగులో ఫొటో పడటానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. "కిటికీలు?" అన్న మాట నాలుక చివరిదాకా వస్తే, పళ్లతో అదిమి పట్టింది.

ఫొటోలో గుడ్డ మీది చిలక ఈకలు కూడా లెక్కపెట్టేట్టున్నాయి. మేడమ్ కాగితం తీసి ఉద్యోగం రాసింది. పిన్నికి. దాని కిందే, ఆవిణ్ణి సరిగ్గా అయిదుకి కాస్త లోపలిదాకా విసిగించే మనిషి ఇంకెవరూ దొరకరు కాబట్టి, మిడతకి.

"కోప్పడితే జీతమా?" పిన్ని నిర్ఘాంతపోయింది. "అయితే ఇన్నేళ్లూ ఊరికే కోప్పడ్డానన్నమాట!"

మేడమ్ మళ్లీ ముసుగు కోసం పరిగెత్తింది.