ఎడమచేతి ఆకురాయి

ఆత్మకూరులో కూతురి ఇంట శీనయ్య మంచినీళ్లు ముట్టి ఏడాది కావస్తోంది.

అలిగినవాడు అన్నం మానేస్తే నాలుగు రోజులకు ఆకలే వాడి మెడలు వంచుతుంది. శీనయ్యది అలక కాదు. భార్య పెంచలమ్మను కాటికి పంపిన రోజు, వాకిట్లో చుట్టాలందరూ వింటుండగా కూతురు ప్రసన్నకుమారి ఒక మాట అన్నది.

"అమ్మ నిన్నటిదాకా బాగా నడిచింది. నా ఫోన్లో కనబడతానే ఉండాది. పక్కనే ఉండి నువ్వేం చూసినావు నాయనా?"

చుట్టాలు ఆ మాటను తలా ఇంత పంచుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఉదయగిరి వీధుల్లో ఆయన ఎదురైనప్పుడల్లా జనం పెంచలమ్మ ఊసు తేకుండా వాన గురించి మాట్లాడేవారు. అది తిట్టుకంటే ఎక్కువ.

ప్రసన్న ఫోన్లో కనబడిందేమిటో కూడా చెప్పాలి. ఆత్మకూరు బస్టాండు వెనక ఆమెకు జాకెట్లు కుట్టే కొట్టు ఉంది. పెళ్లిళ్ల కాలంలో ఊపిరి తీసుకోను కూడా తీరిక ఉండదు. తల్లిని చూడటానికి ఉదయగిరి పోలేక, ఎవరో చెప్పగా విని, ఒక ఆరోగ్యం కంపెనీకి ఏడాది చందా కట్టింది. ముంజేతికి ఒక నల్ల పట్టీ ఇచ్చారు. నెలనెలా ఒక పెట్టెలో పొడులు వచ్చేవి. వారానికొకసారి కోచ్ అనే అమ్మాయి ఫోన్ చేసేది. పట్టీ కట్టుకున్న మనిషి నడిచేకొద్దీ ఫోన్లో ఒక పచ్చ సున్నా నిండుతూ వస్తుంది. పొద్దుగూకేసరికి సున్నా నిండిందా, ఆ మనిషి బాగున్నట్టు. ప్రసన్న రోజూ కొట్టు మూసేముందు తన ఫోన్లో తల్లి సున్నా చూసుకునేది. నిండి ఉండేది. ఇంటికిపోయి హాయిగా పడుకునేది.

ఇక్కడ ఉదయగిరిలో పెంచలమ్మ పాదాలు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కుళాయి దగ్గరికి పోవడం మానేసింది, ఇరుగింటికి పోవడం మానేసింది. చాపమీద చతికిలబడి, శీనయ్య చెక్కి ఇచ్చిన కొయ్య గరిటెలను ఆకురాయితో నున్నగా రుద్దుతూ ఉండేది. ఉదయగిరి కొయ్యపనిలో చెక్కేది మగవాళ్లు, రుద్ది నునుపు తేల్చేది ఆడవాళ్లు. లేవలేకపోయినా చెయ్యి ఆడుతుంది కదా అని ఆమె పొద్దస్తమానం ఆ పనిలోనే ఉండేది. ఆస్పత్రికి పోదామని శీనయ్య ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా ఆమె ఫోను ఎత్తి చూపేది.

"సున్నా నిండిందా లేదా చూడు. బాగుండానని అదే చెప్తా ఉండాది. నీకంటే దానికి తెలీదా?"

కూతురు డబ్బు పోసి కొన్నది. ఊళ్లోవాళ్లు చెప్పింది కాదు, యంత్రం చెప్పింది. శీనయ్య నోరు మూసుకున్నాడు. ఒక ఉదయం పెంచలమ్మ ఒళ్లో సగం రుద్దిన గరిటె ఉండగానే గోడకు ఒరిగిపోయింది.

కర్మకాండ అయ్యాక ప్రసన్న కంపెనీవాళ్లతో మాట్లాడి మళ్లీ ఏడాదికి చందా కట్టి పేరు మార్పించింది. అదే పట్టీని తండ్రి ఎడమ ముంజేతికి కట్టింది. ఆయన విదిలించి పారేసేవాడే. కానీ పట్టీ మడతలో పెంచలమ్మ పసుపు ఇంకా అంటుకుని ఉంది. అందుకని ఊరుకున్నాడు.

ఆ ఏడాదంతా శీనయ్య సున్నా సగం కూడా నిండలేదు. నవ్యశ్రీ అని కోచ్ పిల్ల వారంవారం ఫోన్ చేసి, అంకుల్ ఇంకొంచెం ప్రయత్నించాలి, రోజూ కాసేపు వేగంగా నడవాలి అని తియ్యగా మందలించేది. ఒకసారి ఆయనకు విసుగుపుట్టి, మా ఊరి మీద కొండ ఉండాది, పైన కోట ఉండాది, నువ్వు వచ్చి ముందు ఎక్కమ్మా, నీ వెనక నేనెక్కుతా అన్నాడు. ఆ పిల్ల నవ్వి, తర్వాత నీళ్లు బాగా తాగమని చెప్పి పెట్టేసింది. ప్రతిసారీ చివర అదే మాట.

చందా గడువు దగ్గరపడింది. ఈసారి అందరికీ కలిపి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటానని ప్రసన్న ఫోన్ చేసింది. మోటారు మిషను కొందామని ఆమె దాచిన డబ్బు ఉంది, అది దీనికి పెడుతుందట. ఇంకా కాలితో తొక్కే మిషనే తొక్కుతోంది ఆ పిల్ల. మోకాళ్లు పట్టేస్తున్నాయని అల్లుడు సురేశ్‌బాబు చెప్పగా శీనయ్య విని ఉన్నాడు. వద్దన్నాడు. తనకు అక్కర లేదన్నాడు.

"అమ్మ దగ్గర జరిగినట్టు నీ దగ్గర జరగనియ్యను నాయనా. నా డబ్బు, నా ఇష్టం."

"నువ్వు కొనేది నా ఆరోగ్యం కాదు పాపా, నీ నిద్ర" అన్నాడు శీనయ్య.

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ వారంలోనే ఉలి జారి ఆయన ఎడమ ముంజేయి తెగింది. కట్టు కట్టించుకున్నాడు. నల్ల పట్టీని కుడిచేతికి మార్చాడు. బేరగాడు గరిటెల కోసం తొందరపెడుతున్నాడు. చెక్కడం కుదరదు గనుక, చెక్కి ఉన్నవాటిని రుద్దుదామని చాపమీద కూర్చున్నాడు. తిండికి లేచాడు, దొడ్డికి లేచాడు, అంతే. సాయంత్రం నవ్యశ్రీ ఫోన్ చేసింది, చేయాల్సిన రోజు కాకపోయినా. గొంతులో పండగ.

"అంకుల్, ఈరోజు అదరగొట్టేశారు! టార్గెట్ దాటేశారు. ఇలాగే రోజూ నడవండి."

శీనయ్య ఫోను పక్కన పెట్టి తన కాళ్లవంక చూసుకున్నాడు. మడిచి కూర్చున్నవి మడిచినట్టే తిమ్మిరెక్కి ఉన్నాయి. తర్వాత కుడిచేతి వంక చూశాడు. ఆకురాయి పట్టుకుని గరిటె మీద ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. ఫోన్లో సున్నా మధ్య ఉండే అడుగుల అంకె కదిలింది. మళ్లీ తోశాడు. మళ్లీ కదిలింది. చెయ్యి ఊగడమే ఆ పట్టీకి నడక.

గోడకు ఇంకో ఆకురాయి వేలాడుతోంది. పెంచలమ్మది. దాని పిడి అందరి పిడుల్లా కాక రెండోవైపు అరిగి ఉంటుంది. ఆమెది పుర్రచేతి వాటం. కాపురానికి వచ్చిన కొత్తలో ఎడమచేత్తో పని చేస్తోందని శీనయ్య తల్లి నానా మాటలూ అన్నది. కానీ గరిటె మెడ దగ్గర నునుపు తేల్చడంలో ఆ ఎడమచేతికి ఉదయగిరిలో సాటి లేదు. పట్టీ ఎడమచేతికే కట్టాలని కంపెనీ చెప్పింది. అందరికీ ఎడమచెయ్యి కొయ్యను కదలకుండా పట్టుకునే చెయ్యి. పెంచలమ్మకు అదే పనిచేసే చెయ్యి.

జబ్బు ముదిరేకొద్దీ ఆమె కూర్చుంది. కూర్చునేకొద్దీ రుద్దింది. రుద్దేకొద్దీ సున్నా నిండింది. ఆ సున్నా చూసుకుని ఇక్కడ ఆమె ఆస్పత్రికి పోలేదు, అక్కడ కూతురు నిద్రపోయింది.

ఏడాదిగా రొమ్ము మీద ఉన్న బండ దిగినట్టయింది శీనయ్యకు. సంతోషమే. ఆ సంతోషానికి ఆయన సిగ్గుపడలేదు. వాకిట్లో అన్న మాటను తిరిగి అప్పగించడానికి ఇప్పుడు చేతిలో సాక్ష్యం ఉంది. అప్పగిస్తే ఆ పిల్ల బతికినంతకాలం దాన్ని మోయాలి. చెప్పకపోతే చందా కడుతుంది, సున్నా నిండిందని మళ్లీ నిద్రపోతుంది. ఈసారి ఆ సున్నాల్లో ఆమెది కూడా ఉంటుంది. మోయనీ, అనుకున్నాడు. తనది కాని బరువు తాను ఏడాది మోశాడు.

తెల్లవారి నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగాడు. సంచిలో ఒక గరిటె, పెంచలమ్మ ఆకురాయి.

ప్రసన్న మిషను మీద ఉంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. తండ్రిని చూసి సూది తీసి, కట్టు చూసి కంగారుపడి, ఏమైందని అడిగింది. చందా కట్టావా అని అడిగాడు. సాయంత్రం కడతానన్నది. ఆ సంగతి మాట్లాడటానికైతే రావాల్సిన పని లేదని కూడా అన్నది. శీనయ్య కొట్టు మెట్టు మీద కూర్చుని, పట్టీని కుడిచేతి నుంచి విప్పి ఎడమచేతికి, కట్టుకు పైన కట్టుకున్నాడు. గరిటెను మోకాళ్ల మధ్య ఇరికించాడు.

"నీ ఫోను తియ్యి. నా సున్నా చూస్తా ఉండు."

అలవాటు లేని చేత్తో రుద్దడం మొదలుపెట్టాడు. గాయం సలిపింది. ఆకురాయి చప్పుడు ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ విన్నదే. మొదట ఆమె విసుగ్గా చూసింది. తర్వాత ఫోనుకు ఏదో తెగులు పట్టిందనుకున్నది. ఆపమన్నది. ఆపాడు. అంకె ఆగింది. రుద్దమన్నది. రుద్దాడు. అంకె కదిలింది. ఆమె కళ్లు ఫోనులోనుంచి తండ్రి చేతికి దిగాయి. రెండోవైపు అరిగిన ఆ పిడిని చూశాయి.

"ఎడంచెయ్యి" అన్నది, తనలో తను.

"మీ అమ్మ నడవలేదు. ఆఖర్లో దొడ్డికి గూడా గోడ పట్టుకుని పోయింది. కూర్చోని రుద్దింది. నువ్వు చూసింది అది."

జాకెట్ కోసం ఎవరో ఆడమనిషి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. ప్రసన్న మెడలో టేపును చుట్టలు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"చెప్పకుండా ఉండొచ్చు గదా నాయనా" అన్నది.

"నువ్వు వాకిట్లో అందరి ముందర అన్నావు. నేను నీ కొట్టుకొచ్చి నీకొక్కదానికే చెప్తా ఉండాను. అంతకంటే మంచితనం నా దగ్గర లేదు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి అక్కడ ఎవరూ లేరని ఆమెకు తెలుసు. కంపెనీకి ఫోన్ చేసింది. నవ్యశ్రీయే ఎత్తింది. చందా వద్దనగానే ఆ పిల్ల రెండు నెలలు ఉచితమన్నది. మా అమ్మ కాళ్లు వాచినాయని మీ సున్నా ఏ రోజైనా చెప్పిందా అని ప్రసన్న అడిగింది. మేడమ్ చాలా యాక్టివ్‌గా ఉండేవారని మా దగ్గర ఉందండీ అన్నది ఆ పిల్ల. వాపులు, ఆయాసం అవీ చూడాలంటే పై ప్లాన్ తీసుకోవాలట, దానికి వేరే పట్టీ ఉంటుందట. ప్రసన్న వద్దు అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి తండ్రి ముందర పెట్టింది. శీనయ్య ఆ నీళ్లతో చేతులకంటిన కొయ్యపొడి కడుక్కున్నాడు. తాగలేదు. తాగమని ఆమె అనలేదు.

ఆయన లేచి ఆకురాయిని సంచిలో వేసుకుంటుంటే ఆమె చెయ్యి చాపింది.

"పట్టీ ఇటియ్యి. గడువు ఇంకా మిగిలుండాది. కట్టిన డబ్బు, ఊరికే పోనిచ్చేదెందుకు?"

ఆయన విప్పి ఇచ్చాడు. పసుపు మరక ఉన్న మడతను ఒక్కసారి వేలితో తడిమి మరీ ఇచ్చాడు. ప్రసన్న వంగి దాన్ని మిషను చక్రానికీ తొక్కుడుపలకకూ మధ్య ఉన్న కమ్మీకి బిగించింది. కూర్చుని కాలు ఆడించింది. కమ్మీ కిందికీ పైకీ ఊగింది. ఆమె మొహం రాయిలా ఉంది. జాకెట్ చేతి మీద కుట్టు గీతగీసినట్టు సాగిపోతోంది. శీనయ్య కాసేపు నిలబడి చూశాడు. ఈ పట్టుదల తన పోలికేనని అనిపించింది. అనలేదు. అదే డబ్బుతో మోటారు మిషను కొనుక్కోమని మాత్రం చెప్పి బస్టాండు దారి పట్టాడు.

గడువు ముగిసే రోజు నవ్యశ్రీ ఉదయగిరికి ఫోన్ చేసింది. ఈ వారం మొత్తం మీద అంకులే ఫస్ట్ అట. పడుచువాళ్లు కూడా అంత నడవలేదట. ఇంత బాగా చేస్తున్నప్పుడు మానేయడం దేనికి, రహస్యమేమిటో చెబితే మిగతావాళ్లకూ చెప్తాను అన్నది.

"నడిచింది నేను కాదమ్మా. మా పాప కుట్టుమిషను. దానికి ఏ జబ్బూ లేదు. అప్పుడప్పుడు నూనె వేస్తే చాలు."

అటువైపు కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత, చదివే కాగితంలో ఆఖరి మాట అదేనేమో, నీళ్లు బాగా తాగమని చెప్పింది ఆ పిల్ల.

"తాగుతాను" అన్నాడు శీనయ్య. "నాకు తాగబుద్ధయినప్పుడు, తాగబుద్ధయిన ఇంట్లో."

ఫోను పెట్టేసి గరిటె అందుకున్నాడు.