సరంగుకు చెప్పని మాట

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం, లాండ్రీ కౌంటర్ దగ్గర చొక్కాలకు చీటీలు గుచ్చుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నుంచి కడుపులో కదలిక లేదు. అన్నం తిన్నాక కదులుతాడులే అనుకుంది. తింది. చల్లటి నీళ్లు తాగి, వెనక గదిలో మూటల పక్కన ఒత్తిగిలి పడుకుని చూసింది. చివరికి తమ మేడ మీదే కాపురముంటున్న ఆడపడుచుకు ఫోన్ చేస్తే, ఆవిడ చెయ్యి కూడా తుడుచుకోకుండా వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ తెరను తన వైపు తిప్పేసుకుంది.

మర్నాడు బిడ్డ పుట్టాడు. మగపిల్లవాడు. ఏడవలేదు.

వాడి తండ్రి అప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు. సరుకుల ఓడలో సరంగు. డెక్ మీద పని చేసేవాళ్లందరికీ పెద్ద. తాళ్లూ, గొలుసులూ, లంగరూ అతని చేతి కిందే ఉంటాయి. ఓడలో అతని మాటకు ఎంత విలువో ఇంట్లో అతని మంచానికి అంత దుమ్ము. ఏడాదిలో మూడొంతులు ఓడలోనే గడిచేవి.

ఆస్పత్రి వరండాలో ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుని అంది: "తమ్ముడికి ఇప్పుడే చెప్పకు. వాడిది తాళ్ల దగ్గర పని. మనసు ఒక్క క్షణం పక్కకి పోతే ప్రాణాల మీదకొస్తుంది. ఆమధ్య వాళ్ల ఓడలోనే ఒకడికి తండ్రి పోయాడని కబురొస్తే ఏమైందో వాడే చెప్పాడు కదా. రానీ. నేనే చెప్తాను."

"అడిగితే ఏం చెప్పను వదినా?"

"బాగానే ఉన్నాడని చెప్పు. ఆపైన ఆలోచిద్దాం."

ఓడకు సిగ్నల్ దొరికినప్పుడు అతను ఫోన్ చేసేవాడు. ఆ వారమూ చేశాడు. మొదటి మాటే అది.

"ఎలా ఉన్నాడోయ్ మావాడు?"

"బాగానే ఉన్నాడు," అంది.

"తంతున్నాడా?"

"ఆ."

అబద్ధానికి ఆకలెక్కువ, ఒకటి పెడితే ఊరుకోదు. తర్వాతి ఫోన్‌కి వాడు ఎడమ పక్కన తంతున్నాడు. ఆపై ఫోన్‌కి ఆమెను రాత్రి పడుకోనివ్వడం లేదు. మొహం చూపించమంటే కెమెరా పాడైందని చెప్పింది. ఫోన్ పెట్టేశాక కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, లేచి బియ్యం కడిగేది. పది రోజులు తిరక్కుండానే మళ్లీ లాండ్రీ పనికి వెళ్లింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది.

వాళ్లకు ఆరేళ్ల కూతురుంది. పగలంతా నోరు మూయదని అందరూ పిచ్చుక అంటారు. తమ్ముడు రాడనీ, ఆ సంగతి నాన్నకు చెప్పకూడదనీ దానికి మేనత్త నచ్చజెప్పింది. కానీ ఒక ఆదివారం తల్లి స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది.

"నాన్నా, తమ్ముడు ఇంక రాడంట. ఆస్పత్రిలోనే ఉండిపోయాడు. నీకు చెప్పకూడదంట."

అవతల ఇంజన్ హోరు. పిచ్చుక "నాన్నా, నాన్నా" అంది.

"ఉన్నానమ్మా," అన్నాడు. "అమ్మ ఎలా ఉంది?"

"పనికెళ్తోంది. బట్టలు మడతపెడుతూ ఏడుస్తది."

"సరే. నువ్వు నాకు చెప్పావని అమ్మకి చెప్పకు. మంచిదానివి కదూ."

అలా ఆ పిల్ల చిన్న నోటికి రెండు తాళాలు పడ్డాయి.

సరంగు ఆ రోజు పని ఆపలేదు. ఓడ ముందు భాగాన సుత్తులతో తుప్పు కొట్టిస్తున్నవాడల్లా ఒకడి చేతిలోంచి సుత్తి లాక్కుని, చీకటి పడేదాకా తనే కొట్టాడు. మర్నాడు కెప్టెన్ దగ్గరికెళ్లి ఇంటికి పంపమని అడిగాడు. కెప్టెన్ కంపెనీకి రాశాడు. బదులు మనిషి మూడు రేవులు దాటాక గానీ దొరకడని జవాబొచ్చింది. కుర్రాళ్లకు సంగతి తెలియదు. భోజనాల దగ్గర రోజూ, "సరంగు గారి అబ్బాయి పుట్టగానే మాకు పని పురమాయిస్తాడేమో," అని వేళాకోళం. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఎప్పటిలాగే అడిగాడు. "ఎలా ఉన్నాడోయ్? తంతున్నాడా? రాత్రి నిద్రపోనిస్తున్నాడా?" అడగడం మానేస్తే తనకు తెలిసిపోయిందని ఆమెకు తెలుస్తుంది, తెలిస్తే తను లేని ఇంట్లో ఒక్కతే కూలబడుతుంది. అతను అలా అనుకున్నాడు. ఆమె తంతున్నాడని చెప్పేది. అతను ఊఁ కొట్టేవాడు.

చివరికి వచ్చాడు. పొద్దున్నే, భుజాన సంచితో. మేడ మెట్లు దిగబోతున్న అక్కను గుమ్మంలోంచే చెయ్యెత్తి ఆపాడు. లోపలికొచ్చి భార్య కడుపు వైపు చూడలేదు. మొహం వైపే చూశాడు.

"మీకొక మాట చెప్పాలి," అంది.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"పిచ్చుక. దాన్నేమీ అనకు."

"ఎప్పుడు?"

చెప్పాడు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

"అంటే... రాత్రి నిద్రపోనిస్తున్నాడా అని అడిగారే, అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"నేను వాడు తంతున్నాడని చెప్తుంటే వింటూ కూర్చున్నారా?"

"నువ్వు ఒక్కదానివే ఉన్నావు. ఏడిస్తే పట్టుకునేవాళ్లు ఎవరుంటారని..."

"ఏడుద్దామంటేనే ఎవరూ లేకపోయారు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేడ మీద నుంచి ఆడపడుచు దిగొచ్చి, తప్పంతా తనదేనని ఇద్దరితో విడివిడిగా చెప్పుకుంది. ఇద్దరూ ఆవిడతో కాదులెమ్మన్నారు. ఒకరితో ఒకరు మాత్రం ఉప్పూ పప్పూ మాటలే మాట్లాడుకున్నారు. ఆ ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అతనికి తెలియదు. ఓడలో అలవాటు కొద్దీ దుప్పట్లు గీత గీసినట్టు మడిచి పెట్టేవాడు. ఆమె చూసి, తీసి మళ్లీ తనలాగే మడిచేది.

అతన్ని కదిలించింది కూతురు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి అతని పక్కన కూర్చుంది. నోరు తెరిచి మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"నాన్నా, మా టీచరుకి జ్వరం. ఈ మాట చెప్పొచ్చా?"

"చెప్పొచ్చమ్మా. ఎందుకు చెప్పకూడదు?"

"అమ్మకి కూడా చెప్పొచ్చా?"

అప్పుడు చూశాడు. అది ప్రతి మాటకూ ముందు ఇద్దరి మొహాలూ చూస్తోంది. ఇల్లు దాని అరుపులు లేక ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికి అప్పుడు తెలిసింది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అన్నీ చెప్పొచ్చు, అందరికీ చెప్పొచ్చు. తప్పు మాది," అన్నాడు. అది నమ్మినట్టు కనిపించలేదు.

మళ్లీ ఓడెక్కాల్సిన కబురు వచ్చినప్పుడు రానన్నాడు. రేవులో టగ్గు మీద చేరాడు. పెద్ద ఓడలను తాడు కట్టి లోపలికి లాగే చిన్న పడవ అది. అక్కడ అతను సరంగు కాదు, అందరిలాగే తాళ్లు మోసేవాడు. "ఏనుగు దిగి గాడిదెక్కావు," అన్నాడు అక్క మొగుడు, మేడ మీది బావ. "గాడిదైతే సాయంత్రానికి ఇంటికొస్తుంది బావా," అన్నాడతను.

సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు నిజమే. ఎదురెదురుగా కూర్చుని తినేవారు. మాట మాత్రం వచ్చేది కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లు కాపురం చేసింది ఎక్కువగా ఫోన్‌లోనే. దూరంలో ఉన్న గొంతుతో ఎలా మాట్లాడాలో ఇద్దరికీ తెలుసు. ఎదుట ఉన్న మనిషితో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం టగ్గు మీద ఓడ కోసం ఎదురుచూస్తూ, అతను ఇంటికి ఫోన్ చేశాడు. ఆ రోజు ఆమెకు సెలవు. డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

"ఏం, ఏమన్నా మర్చిపోయారా?"

"లేదు." కాస్త ఆగాడు. "ఎవరి పోలిక?"

తడి చొక్కా ఆమె చేతిలో ఉండిపోయింది.

"చెవులు మీవే," అంది. "పెద్దవి. జుట్టు ఉంది, నల్లగా, నుదుటి మీదకి. గోళ్లు కూడా ఉన్నాయి. వదిన చూడొద్దంది. నేను చూస్తానన్నా. ఎత్తుకున్నా. బరువుగానే ఉన్నాడు." ఆమె తడి చొక్కాను గుండెకి అదుముకుంది. "వెచ్చగా ఉన్నాడండీ. నా వెచ్చదనమే అది, తెలుసు. అయినా ఉన్నాడు."

అవతల అతను ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. పెళ్లయ్యాక అతని ఏడుపు వినడం అదే మొదలు.

"వాణ్ని మట్టిలో పెట్టిన చోటు బావ నాకు చూపించాడు," అన్నాడు చాలాసేపటికి. "వెళ్లొచ్చా. నీకు చెప్పలేదు. నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వెళ్దాం."

"పిచ్చుకని కూడా తీసుకెళ్దాం."

"తీసుకెళ్దాం."

వెనక ఎవరో అతన్ని కేకేశారు. ఓడ వచ్చేసింది.

"తాడు అందుకోవాలి. పెట్టెయ్యకు. జేబులో వేసుకుంటాను."

"ఊఁ," అంది.

గుడ్డ రాపిడి, తర్వాత ఇంజన్ మోత. బూట్ల చప్పుడు, నీళ్లు కొట్టుకునే చప్పుడు, ఎవరో అటు లాగమంటున్నారు, అతను ఇటు లాగమంటున్నాడు. ఆమె బట్టల బుట్ట పక్కన గట్టు మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, అతని పని పూర్తయ్యేదాకా వింటూ ఉంది.