లారెల్ వాగులో మొక్కజొన్న

మా లారెల్ వాగులో ట్రౌట్ చేపని పట్టాలంటే ఒకటే నియమం. గాలానికి ఈకలూ దారమూ చుట్టి చేత్తో కట్టిన ఉత్తుత్తి ఈగే ఉండాలి. వానపామో మొక్కజొన్న గింజో గుచ్చి దొరికిపోయినవాడు ఇక జన్మలో ఆ నీళ్ళలో దిగకూడదు.

రెండేళ్ళ కిందట ఒడ్డున మొక్కజొన్న డబ్బా దొరికింది. అది మా తమ్ముడు ఆర్లోదని ఎల్డన్ చెప్పాడు. నాకు ఈగ కట్టడం నేర్పిన మనిషి, ఆయన మాటంటే నాకు వేదవాక్కు. తనది కాదని ఆర్లో మొత్తుకున్నాడు. వెలి వేయాలన్నవాళ్ళు చేతులెత్తమంది వాగు సంఘం. నేనూ ఎత్తాను. ఆ రోజు నుంచి తమ్ముడు నాతో మాట్లాడడు. తప్పు చేసినవాడికి అంత పౌరుషమెందుకని నేనూ బిగుసుకు కూర్చున్నాను.

మొన్న మే నెల మొదటి శనివారం, పొద్దున్నంతా నడుంలోతు నీళ్ళలో నిలబడ్డా నా ఈగ వైపు ఒక్క చేపా రాలేదు. ఎల్డన్ ఎప్పట్లాగే ఒంటరిగా వంపు అవతలికి వెళ్ళి, రెండింటితో తిరిగొచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళి వెన్నలో వేయించుకో. నీ మొహానికి ఇవాళ ఇదే గతి."

చేపలు ఏ పురుగు తింటున్నాయో చూసి, అలాంటి ఈగ కట్టుకోవడం మాకు అలవాటు. అక్కడే రాతి మీద పొట్ట కోశాను. పురుగుల్లేవు. పచ్చగా ఏడు మొక్కజొన్న గింజలున్నాయి.

ఎల్డన్ వంగి చూశాడు. "ఎవడో ఎగువన చల్లుంటాడు. మీ ఆర్లోనే అయ్యుంటాడు."

"వాడు రెండేళ్ళుగా ఈ వాగు మొహం చూళ్ళేదు. నీ సంచి ఇటియ్యి."

ఇవ్వలేదు. బండ మీద కూలబడ్డాడు. "చేతులు వణుకుతున్నాయిరా. ఈగ పడాల్సిన చోట పడట్లేదు. ఉత్త చేతుల్తో ఇంటికి పోతే నలుగురూ నవ్వరూ?"

"అందుకని మావాణ్ణి బలిపెట్టావా?"

"నేను పేరు చెప్పానంతే. చెయ్యెత్తింది నువ్వు."

ఇరవయ్యేళ్ళు గురువనుకున్న మనిషి నమ్మించి గొంతు కోశాడు. ఒళ్ళు మండిపోయింది.

చేపని అక్కడే పడేసి, తడి బూట్లతోనే ఆర్లో ఇంటికి వెళ్ళాను. తలుపు తీశాడు గానీ లోపలికి రమ్మనలేదు. గుమ్మం బయటే నిలబడి జరిగిందంతా చెప్పాను. సంఘం ముందు నిజం చెబుతాను, మళ్ళీ వాగుకి రారా అన్నాను.



"నాది కాదని ఆ రోజే నీతో చెప్పాను కదన్నయ్యా. నా మాట నమ్మడానికి చేప పొట్ట కొయ్యాల్సొచ్చిందా నీకు?"

మెల్లగా తలుపు వేసుకున్నాడు.