బుల్లెమ్మ వెలుగులో మచ్చ

"మూడో వరుస ఎందుకు వదిలేశారర్రా?" అని అడిగింది సూర్యకాంతం, మనవలిద్దర్నీ.

రెండువేల ఆరులో కూడా ఉప్పలగుప్తంలో సాయంత్రం కరెంటు పోతే, పిల్లలు పుస్తకాలు పట్టుకుని పక్కింటి బుల్లెమ్మ అరుగెక్కడం మామూలే. కొబ్బరిపీచు పేనడానికి చేతులు రెండూ కావాలి, గాలికి చుట్ట ఆరిపోకూడదు. అందుకని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆమెకి నలభై ఏళ్ళ అలవాటు. ఆ నిప్పు ఎప్పుడు అంటుకుందోగాని, చుట్ట లేకపోయినా నోరు తెరిస్తే లేతాకుపచ్చ వెలుగు పడేది. ఆ వెలుగులో చదివి ఊళ్ళో చాలామంది పదో తరగతి గట్టెక్కేరు.

"అక్కడ చీకటిగా ఉంది మామ్మా," అంది దివ్య.

సూర్యకాంతం పుస్తకం జరిపి చూసింది. మచ్చ కాగితం మీద లేదు. తేజ పలక అడ్డం పెడితే పలక మీద పడింది, బుల్లెమ్మ మొహం తిప్పితే గోడ మీద, చింతగింజంత. ఆ గోడకి బుల్లెమ్మ అప్పటికే రెండుసార్లు సున్నం వేసిందట. మచ్చ వెలుగులోనే ఉందని, ముప్ఫై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన పంతులమ్మకి అర్థమైపోయింది.

"దీపం కింద చీకటుండదేంటండీ పంతులమ్మగారూ," అని నవ్వేసింది బుల్లెమ్మ. ఆసుపత్రికి పదమంటే కదల్లేదు. రెండు రోజులు పోరితే అసలు సంగతి చెప్పింది. "డాక్టరు చుట్ట మానమంటారండీ. ఈ వెలుగు ఆరిపోతే నా అరుగెక్కేదెవరండీ?"

"నేనెక్కుతాను," అంది సూర్యకాంతం. "లాంతరు తెచ్చుకుని."

"ఆయ్, అలాగైతే పదండి."

కాకినాడలో నోటి డాక్టరు సౌజన్య ఒకప్పుడు సూర్యకాంతం దగ్గర చదువుకున్న పిల్లే. ఫొటో తియ్యాలని గది చీకటి చేసి, బుల్లెమ్మ నోట్లోకి నీలం లైటు వేసింది. ఆరోగ్యంగా ఉన్న చోటు పచ్చగా మెరుస్తుంది, పాడవుతున్న చోటు నల్లగా మిగులుతుంది. అంగిట్లో చింతగింజంత నలుపు.

"మీరు గోడ మీద చూసిందీ ఇదేనండీ టీచరుగారూ," అంది సౌజన్య, అందులో వింతేమీ లేనట్టు. అక్కణ్ణించి గిల్లినంత ముక్క తీసి, జన్యువులు చూడ్డానికి హైదరాబాదు పంపింది.

తిరుగు బస్సులో సూర్యకాంతం ఆ పరీక్షేమిటో కాపీరాతతో చెప్పింది. ఒళ్ళు పాత కణాన్ని చూసి కొత్తది రాసుకుంటుంది. పై వరుసలో తప్పు పడితే కింది వరుసల్లోనూ అదే తప్పు వస్తుంది.

"నా పేజీ తప్పులతో నిండిపోయిందాండీ?" అంది బుల్లెమ్మ మెల్లిగా.

"అదే చూస్తున్నారు."

రెండు వారాలకి కబురొచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు, కాని తప్పులు మొదలయ్యేయి, ఊరుకుంటే అటే నడుస్తుంది. మచ్చ కోసి తీసేసేరు. చుట్టలకట్ట బుల్లెమ్మే కాలవలో పడేసింది. నెల్లాళ్ళు నోరు మూసుకుని పీచు పేనింది. ఇచ్చిన మాట ప్రకారం సూర్యకాంతం రోజూ లాంతరుతో అరుగెక్కింది.

పుండు మానేక ఒక సాయంత్రం కరెంటు పోయింది. దివ్య పుస్తకం తెచ్చింది. బుల్లెమ్మ జంకుతూనే నోరు తెరిచింది. వెలుగు కాస్త వెన్నెలరంగుకి తిరిగిందిగాని, పేజీ నిండా పడింది. మూడో వరుస దివ్య ఆగకుండా చదివేసింది.

సూర్యకాంతం లాంతరు ఆర్పేసింది. "నోరు అలాగే తెరిచి ఉంచు బుల్లెమ్మా, తేజ చొక్కాకి గుండీ సగం కుట్టి వదిలేశాను," అంటూ సూదీ దారం కోసం ఇంట్లోకి వెళ్ళింది.