ఏడో నంబరు చలవ

కోడలు ఏ బండి బాగుచేసినా మామగారు దాన్ని మళ్ళీ విప్పుతారు. నాలుగేళ్ళ నుంచీ ఇదే తంతు. ఆమె చేతులు తుడుచుకుని బానెట్ మూయబోయే సమయానికి ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, "ఒకసారి చూస్తాను అమ్మాయ్" అంటారు. చూసి ఊరుకుంటే పేచీయే లేదు. బిగించినవన్నీ విప్పి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బిగిస్తారు. తప్పు దొరికిందీ లేదు, ఆయన మానిందీ లేదు.

ఈ మెకానిక్ షెడ్డు పెట్టింది ఆయనే. కొడుకు బడిలో లెక్కలు చెప్పుకుంటాడు, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చెయ్యి కోసుకునే రకం. మనసుపడి పని నేర్చుకున్నది కోడలు. ఒక్క బండి, ఒకే ఒక్క బండి, మామగారు మళ్ళీ విప్పకుండా గేటు దాటితే చాలని ఆమె ఆశ. పైకి అనలేదు గానీ, రోజూ బానెట్ మూసేటప్పుడల్లా ఆ ఆశ ఒకసారి లేచి కూర్చునేది.

ఓ పొద్దున పళ్ళ డాక్టరు తన కొత్త మోజును తోలుకొచ్చాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తు, పైగా టర్బో. అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే ఏర్పాటు. అది చాలదన్నట్టు ఆయన ఎక్కడో దాని జోరు ఇంకాస్త పెంచించుకున్నాడు. అప్పటినుంచీ మెల్లగా పోతే బుద్ధిగా పోతుంది, గట్టిగా తొక్కితే ఎక్కిళ్ళు పెడుతుంది.

"ఆదివారం ట్రాక్ మీద పరుగుంది. మా బావమరిది కూడా వస్తున్నాడు. వాడి ముందు ఇది ఎక్కిళ్ళు పెట్టిందంటే జన్మలో తలెత్తుకోలేను" అన్నాడు దిగులుగా.

"నాలుగింటికి రండి" అంది కోడలు.

కోడలు ఇంజన్‌లో నిప్పు రగిలించే పాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి బల్ల మీద వరసగా పెట్టింది. మామగారు కూడా వంగి చూశారు. లేత ఇటుక రంగులో ఉండాల్సిన మొనలు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయాయి.

"వేడెక్కిపోతున్నాయి" అన్నారాయన.

"అవును మామయ్యా. ఇంజన్‌కి జోరు పెరిగింది, ప్లగ్గులేమో పాతవే. ఒక మెట్టు చలవవి వెయ్యాలి."

"చలవేమిటమ్మా, అవేమైనా దోసకాయలా?"

"వేడిని తొందరగా వదిలేసే రకం మామయ్యా. ఇవి ఆరో నంబరువి. ఏడు తెప్పిస్తున్నా."

"ఏడా!" మామగారు నిటారుగా నిలబడ్డారు. "నంబరు పెరిగితే వేడి పెరుగుతుంది. అయిదు తెప్పించు. పిస్టన్ గానీ కరిగిందంటే ఆ డాక్టరు మనిద్దరి పళ్ళూ పీకేస్తాడు."

"నంబరు పెరిగితే చలవే పెరుగుతుంది."

"నలభై ఏళ్ళు బిగించానమ్మా ప్లగ్గులు."

"నేను కాదన్నానా?" అంటూ ఆమె ఆ కంపెనీ పట్టిక ఫోన్లో తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి ఒకసారి చదివారు, కిందికి దించి ఇంకోసారి చదివారు. వెళ్ళి గుమ్మం పక్క స్టూలు మీద మూతి ముడుచుకు కూర్చున్నారు. గెలిచినందుకు కోడలికి సంతోషం కలగలేదంటే అబద్ధమే. కాకపోతే ఆ మూతి చూశాక అందులో సగం పోయింది.

మధ్యాహ్నానికి కొత్త ప్లగ్గులొచ్చాయి. పంపిన స్పేర్ పార్ట్స్ కొట్టాయన్ని అందరూ రేపయ్య అంటారు. ఏది అడిగినా రేపే అంటాడు మరి. అలాంటివాడు అడిగిన గంటలో పంపించినప్పుడే అనుమానం రావాల్సింది.

ప్లగ్గు మీద ఏడు అని ఉంది. టర్బో గాలి ఊదుడికి నిప్పురవ్వ ఆరిపోకుండా కోడలు మొన దగ్గర సందు కాస్త తగ్గించింది. ఇంజన్‌లో పెట్టబోతుండగా, ఆ నలభై ఏళ్ళ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఎందుకైనా మంచిదని డబ్బా తిప్పి చూసింది. నంబరు అడిగినదే, కంపెనీ మాత్రం వేరు! గబగబా ఆ కంపెనీ పట్టిక వెతికి తీసింది. వీళ్ళ లెక్క తలకిందులు. ఇందులో నంబరు పెరిగితే పెరిగేది వేడే. మామగారు నలభై ఏళ్ళు బిగించినవి ఈ కంపెనీవి.

డబ్బాలు గుట్టుగా తిప్పి పంపేస్తే మూడో కంటికి తెలీదు. చెప్పిందో, ఇవాళే కాదు, ఇంకో నలభై ఏళ్ళు ఆయన విప్పి చూస్తూనే ఉంటారు. ఆమె డబ్బా మూత ఒకసారి మూసింది, మళ్ళీ తెరిచింది. తరవాత డబ్బా పట్టుకుని స్టూలు దగ్గరికి నడిచింది.

"మామయ్యా, మీరన్నదీ నిజమే. ఈ కంపెనీకి నంబరు పెరిగితే వేడే. రేపయ్య అడిగినవి కాకుండా ఇవి పంపాడు. నేను బిగించబోయాను."

ఆయన డబ్బా అందుకున్నారు. "బిగించావా?"

"లేదు."

"ఏం?"

"ఒకసారి చూద్దామనిపించింది."

మామగారు డబ్బా మీది అక్షరాలు తనూ ఒకసారి చదివారు. తరవాత ఫోను తీశారు. అవతల రేపయ్య "రేపు" అనబోతే ఈయన పెట్టిన చివాట్లకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మూడింటికల్లా అసలు ప్లగ్గులొచ్చాయి.

ఈసారి కోడలు ముందు డబ్బా చదివింది, తరవాత ప్లగ్గు చదివింది. సందు సరిచేసి, మర పక్కకు పోకుండా మొదట వేళ్ళతో తిప్పి, చివర్లో రెంచితో టక్కుమనేదాకా బిగించింది.

నాలుగింటికి డాక్టరు వచ్చాడు. పాత కారు కూడా ఇక్కడికే తెచ్చేవాడు గనుక షెడ్డు ఆనవాయితీ తెలిసినవాడు.

"పెద్దాయనా, మీరొకసారి చూడరా?"

కోడలు అలవాటుగా పక్కకు తప్పుకుని రెంచి చాచింది. మామగారు అందుకున్నారు. తీసుకెళ్ళి గోడ మేకుకు తగిలించారు.

"మా అమ్మాయి చూసింది" అని, తన చేత్తో తనే బానెట్ మూశారు.

కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పనిముట్ల పెట్టెలో లేని సామాను కోసం వెతకడం మొదలుపెట్టింది. బయట డాక్టరు వీధి మలుపు దాటి గట్టిగా తొక్కాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఒక్క ఎక్కిలి లేదు.

"చలవ చేసింది" అన్నారు మామగారు.